జెముడుకాకి ఎటు పోయింది?

మాఘ బహుళ పంచమి, ఆదివారం, పొద్దున. మా పట్టణంలోని పార్కు. హాజరైనవారు: నేను, మా ఆయన, పాలమూరు దిక్కు నుంచి వచ్చి మా వీధిలో ఇల్లు కట్టుకున్న వదిన. పిట్టల్లో హాజరైనవి: కాకులు, గోరింకలు, గువ్వలు, ఒక పికిలిపిట్టల జంట, గన్నేరు పూల దగ్గర తేనెపిట్ట, అన్నిటికంటే ఆలస్యంగా జెముడుకాకి.

ఉద్యోగం నుంచి దిగిపోయాక ఇది నాకు అలవాటైంది. నడక అయిపోగానే సిమెంటు బెంచీ మీద కూర్చుని ఆ రోజు ఎవరొచ్చారో, ఏ పిట్టలు కనబడ్డాయో మనసులో వేసుకుంటాను, ఇంటికొచ్చి డైరీలో రాసుకుంటాను. మా ఆయన దీన్ని హాజరు పట్టీ అంటాడు. "ఇయ్యాల గోరింకకు సెలవిచ్చినవా?" అని అడుగుతాడు. నిజానికి మా పార్కుకు వింత పిట్టలేవీ రావు. ఏడాది పొడుగునా ఉండేవే ఉంటాయి. చలి తగ్గుముఖం పట్టే ఈ రోజుల్లో మాత్రం వేపచెట్లు ఆకు రాల్చి కొమ్మలు పలచబడతాయి కాబట్టి, రోజూ ఉండేవే కొత్తగా కనబడతాయి. గోరింకలు పెళ్లికి పిలవడానికి వచ్చిన ఆలుమగల్లా పక్కపక్కనే నడుస్తాయి. పికిలిపిట్ట తల మీద జుట్టు నిక్కబొడుచుకొని, ఇప్పుడే ఎవరితోనో కొట్లాడి వచ్చినట్టు ఉంటుంది. గేటు దగ్గర రాగిజావ అమ్మే ఆమె గిన్నె మూత తీసినప్పుడల్లా ఆ ఆవిరి మా బెంచీ దాకా వస్తుంది. నాకు ఆ వాసన చాలు, తాగకపోయినా ఫరవాలేదు.

ఆ ఆదివారం మేము నడుస్తుండగానే కంచె పక్క పొదలో నుంచి జెముడుకాకి బయటికి వచ్చింది. నల్లటి ఒళ్లు, ఇటుక రంగు రెక్కలు, ఎర్రటి కళ్లు. కాకి కంటే పెద్దదే గాని ఎగరడం సరిగా రానట్టు నేలకు దగ్గరగా, బరువుగా ఎగిరి, మా ముందే దారి దాటి అవతలి పొదలో పడింది.

"మంచిది. ఎడమ నుంచి కుడికి పోయింది," అన్నాడు మా ఆయన.

"ఏం మంచి అన్నా? మా దిక్కు కుడి నుంచి ఎడమకు పోతేనే మంచిదంటరు," అన్నది వదిన.

"మీ దిక్కు అన్నీ ఉల్టానే."

"మీదే ఉల్టా. పిట్టనే అడుగుదాం పట్టు."

ఇద్దరూ నన్ను తీర్పు చెప్పమన్నట్టు చూశారు. నేను నవ్వి ముందుకు నడిచాను. ఇంటికొచ్చి డైరీలో జెముడుకాకి అని రాసిన తర్వాత కలం ముందుకు కదల్లేదు. ఒక పాత సంగతి అడ్డం వచ్చి కూర్చుంది. అప్పుడు నా దగ్గర డైరీ లేదు, కాబట్టి దానికి తారీఖు వేయలేను. మాఘమాసమే అని మాత్రం చెప్పగలను, ఎందుకంటే ఎక్కడ చూసినా పెళ్లి మాటలే.

మాది మగ్గాల వాడ. అటొక వరుస, ఇటొక వరుస ఇండ్లు, మధ్యలో పొడుగాటి వీధి. ఆ వీధి మనుషులు నడవడానికి కాదు, పడుగు పట్టడానికే ఉందని నేను చాలా కాలం నమ్మాను. మగ్గానికి ఎక్కించే ముందు నిలువు దారాలన్నిటినీ వీధి పొడుగునా కర్రల మీద సాగదీసి గంజి పట్టించేవాళ్లు. దారానికి బిరుసు రావాలంటే గంజి, నున్నగా ఉండాలంటే కొంచెం పల్లినూనె. ఎండ ముదిరితే దారాలు పెళుసెక్కి తెగుతాయి కాబట్టి తెల్లవారుతుండగానే పని మొదలయ్యేది. ఎవరింటి పడుగైనా వాడంతా వచ్చి చెయ్యి వేసేది. మా నాన్న, మేము బాపు అనేవాళ్లం, ఒక పక్కన, ఎదురింటాయన ఇంకో పక్కన పెద్ద కుంచెలతో దారాలను దువ్వుకుంటూ వీధి ఈ కొస నుంచి ఆ కొసకు నడిచేవాళ్లు. పులిసిన జొన్నగంజి వాసన, నూనె వాసన, మంచుకు తడిసిన అలుకు వాసన కలిస్తే, అదే నాకు చలికాలం.

పిట్టలను తోలడం నా పని. చివర పాత గుడ్డ కట్టిన వెదురు కర్ర పట్టుకొని పడుగు పక్కన నిలబడేదాన్ని. గోరింకలు గంజి పలుకుల కోసం వచ్చేవి. పిచ్చుకలు వేలాడే దారపు కొసలను గూటికి పీక్కుపోవాలని చూసేవి. కాకులకు అక్కడ ఏ పనీ లేదు. ఊరికే వాలి ఊగేవి, ఆ బరువుకు దారాలు పుటుక్కుమనేవి. ఏట్రింత అని ఒక నల్లటి పిట్ట ఉంటుంది, తోక చివర రెండుగా చీలి ఉంటుంది. అది మాత్రం గుంజ మీద కూర్చొని పురుగులను పట్టుకు తినేది. కాకి వస్తే వెంటబడి తరిమేది.

"దాన్ని తోలకు బిడ్డా, నీ కంటే మంచిగ పని చేస్తాంది," అనేవాడు బాపు.

ఏడెనిమిది కలిసి తిరిగే మట్టిరంగు పిట్టలను పంచాయితీ పిట్టలు అనేవాళ్లం. ఒకటి మొదలుపెడితే అన్నీ అందుకునేవి, ఎందుకు అరుస్తున్నాయో వాటికీ తెలియదు. ఇప్పటికీ పార్కులో అవి చప్పుడు చేస్తుంటే మా వాడ ఆడవాళ్లు బోరింగు దగ్గర చేరినట్టే ఉంటుంది.

అట్లా నిలబడీ నిలబడీ ఏ పిట్ట ఏ వేళకు ఎటు నుంచి వస్తుందో నాకు తెలిసిపోయింది.

మా ఇంట్లో పిట్టలను నాకంటే ఎక్కువ పట్టించుకునే మనిషి తాత. ఆయన పట్టింపు వేరు. శకునం చూడకుండా ఊరు దాటేవాడు కాదు. నూలు కోసం నకిరేకల్ పోవాలన్నా, కట్టంగూర్‌లో చుట్టాల ఇంటికి పోవాలన్నా ముందు పిట్ట ఒప్పుకోవాలి. అందులోనూ జెముడుకాకి మాట మీద ఆయనకు గురి. నడిచే మనిషికి అది ఎడమ నుంచి కుడికి పోతే పని అవుతుంది. కుడి నుంచి ఎడమకు పోతే కాదు, తిరిగి ఇంటికి రావాలి. మా చుట్టాలందరిదీ అదే లెక్క.

అవ్వకు ఇది నచ్చేది కాదు. "పిట్ట తినమంటె తింటవు, పిట్ట పండుమంటె పంటవు. నన్ను చేసుకునేనాడు ఏ పిట్టను అడిగినవ్?" అనేది.

"అడగలే. గందుకే గిట్లున్నది," అనేవాడు తాత.

బాపుకు ఒక చెల్లెలు. మాకు చిన్నత్త. మా ఇంట్లో రెండో మగ్గం ఆమెదే. అంతకుముందటి ఏడు వాగు అవతలి ఊరి నుంచి ఒకతను వచ్చి, మా ఇంట్లోనే ఉండి చిటికి పని నేర్చుకున్నాడు. చిటికి అంటే నూలును రంగులో ముంచే ముందు అక్కడక్కడ ముడులు కట్టడం. ముడి ఉన్నచోట రంగు ఎక్కదు, నేసినప్పుడు అదే పువ్వో ఆకో అవుతుంది. అతను కట్టిన ముడులను చిన్నత్త చూసి, "గిది పువ్వా, మేక తోకనా?" అనేది. అతను నవ్వుకుంటూ విప్పి మళ్లీ కట్టేవాడు. ఒకనాడు ఆమె చేసిన పచ్చిపులుసు ఎవరూ నోట్లో పెట్టలేనంత పుల్లగా అయింది. అతను రెండోసారి కూడా పోయించుకున్నాడు.

"నాలిక లేదా మీకు?" అన్నది చిన్నత్త.

"ఉన్నది గని, మీ ముంగట పని చేస్తలేదు," అన్నాడు.

అవ్వ తల వంచుకొని నవ్వింది. తాత వినలేదు, లేక విననట్టు ఉన్నాడు.

ఆ మాఘంలో అతని తండ్రి కబురు పంపాడు. మీ పిల్లను మా పిల్లగానికి చేసుకుంటం, ఇంటి పెద్ద వచ్చి మాట ఇచ్చి పోతే ముహూర్తం పెట్టుకుందాం అని. ఇంట్లో అందరికీ ఇష్టమే. తాత పోయి మాట ఇచ్చి రావడమే మిగిలింది.

తాత ఉతికిన పంచె కట్టుకొని, కండువా కొసన పసుపుకొమ్ములు, వక్కలు ముడి వేసుకొని తెల్లవారగానే బయలుదేరాడు. అవ్వ వాకిలి ఊడ్వడం పూర్తికాకముందే తిరిగి వచ్చాడు.

"ఏమాయె?"

"జెముడుకాకి. కుడి నుంచి ఎడమకు."

కొన్ని రోజులు ఆగి మళ్లీ పోయాడు. మళ్లీ తిరిగి వచ్చాడు. అదే చోటు, అదే పిట్ట, అదే దిక్కు. వాడలో అందరూ నవ్వుకున్నారు. ఇంతలో వాగు అవతలి నుంచి నూలు బండి తోలుకొచ్చినతను ఇంకో మాట మోసుకొచ్చాడు. ముసలాయన రెండుసార్లు బయలుదేరి దారిలోనే మళ్లిపోయిండంటే పిల్లను ఇచ్చుడు ఇష్టం లేదేమో అని వాళ్లు అనుకుంటున్నారట. వాళ్లకు ఇంకో సంబంధం కూడా వచ్చిందట. ఈ వారంలోనే ఏదో ఒకటి తేల్చేస్తారట.

ఆ మధ్యాహ్నం నేను రాట్నం ముందు కండెలు చుడుతున్నాను. చిన్నత్త మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చుంది. చప్పుడు మాత్రం లేదు.

"అత్తా, నేస్తలేవా?"

"కాలు ఆడుతలేదే."

"నొస్తున్నదా?"

"నొప్పి కాదే పిచ్చిదానా. నాయిన ఒక్కసారి ఆ వాగు దాటితె ఆడుతది."

అప్పుడు నేను నాకు తెలిసింది చెప్పాను. ఆ జెముడుకాకి ఉండేది ఊరి బయట, దారికి కుడి పక్కనున్న బ్రహ్మజెముడు కంచెలో. రోజూ తెల్లవారగానే దారి దాటి ఎడమ పక్క కందిచేనులోకి మేతకు పోతుంది. పొద్దు బాగా ఎక్కాక అదే దారిన కంచెకు తిరిగి వస్తుంది. తాత ఎప్పుడూ తెల్లవారగానే పోతాడు, కాబట్టి అది పోవడమే చూస్తాడు. జర ఆలస్యంగా పోతే రావడం చూస్తాడు. అది ఎడమ నుంచి కుడికే కదా.

చిన్నత్త గుంటలో నుంచి పైకి లేచింది. తర్వాత నా రెండు చెంపలూ పట్టుకొని, "ఇన్ని రోజులు నోట్ల ఏం పెట్టుకున్నవే?" అన్నది.

మూడోసారి తాత బయలుదేరిన రోజున ఇంట్లో ఏదీ జరగాల్సిన వేళకు జరగలేదు. అవ్వ పొయ్యి మండలేదు. "కట్టెలు పచ్చిగున్నయి," అన్నది. అవి ఎండాకాలం నుంచి ఎండిన కట్టెలు. చిన్నత్త అనపగింజల గుడాలు ఉడికించి, ఉల్లిగడ్డ కోసి వేసి, ముంత నిండా తెచ్చింది. "తిని పో నాయినా." తాత తిన్నాడు. తర్వాత ఒక చెప్పు కనబడలేదు. మా తమ్ముడు దాన్ని నూలు మూటలో పెట్టి, అందరికంటే గట్టిగా వెతికాడు.

"ఇయ్యాల ఇంట్లందరికి నా మీద ఇంత ఫికరెందుకు?" అన్నాడు తాత.

"నీ పని కావాలని," అన్నది అవ్వ.

నేను లెక్కలోకి తీసుకోనిది మంచు. ఆ పొద్దున చేతిలోని కర్ర కనబడనంత మంచు కురిసింది. అటువంటి రోజున పిట్టలు కూడా ఆలస్యంగా లేస్తాయని నాకు తోచలేదు. తాత గడప దాటేసరికి మంచు విడిపోయి ఎండ వచ్చింది. నేనూ తమ్ముడూ రేగుపండ్లకని చెప్పి ఆయన వెనక, దూరంగా నడిచాం.

తాత కంచె దగ్గరికి వచ్చాడు. నేను కందిచేను వైపే చూస్తున్నాను. కుడి పక్కన బ్రహ్మజెముడు కదిలింది. అందులో నుంచి, అప్పుడే నిద్ర లేచినట్టు, జెముడుకాకి బయటికి వచ్చి, దారి దాటి ఎడమ పక్క కందిచేనులో పడింది.

తాత నిలబడిపోయాడు. కండువా తీసి దులిపాడు. "ఇగ అయిపోయింది," అన్నాడు ఎవరితోనో అన్నట్టు. తమ్ముడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నాకు చిన్నత్త మొహం తప్ప ఇంకేం కనబడలేదు.

అప్పుడే దారిలో అవతలి వైపు నుంచి ఎవరో చప్పట్లు కొట్టినట్టు వినిపించింది. ఒక ముసలాయన మాకు ఎదురుగా వస్తూ, పిట్ట పోయిన దిక్కుకు రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. మా ఇంట్లో చిటికి పని నేర్చుకున్నతని తండ్రే. అంతకుముందు ఒకసారి కొడుకును దిగబెట్టడానికి మా ఇంటికి వచ్చాడు కాబట్టి గుర్తుపట్టాను.

"మంచిగ వచ్చింది బావా! అడుగు పెట్టంగనే వచ్చింది!" అన్నాడు.

"ఏం మంచి? కుడి నుంచి ఎడమకు పోయింది," అన్నాడు తాత.

"ఏ కంటితోని చూసినవ్? ఎడమ నుంచి కుడికి పోయింది."

"నా కండ్లు మంచిగనే ఉన్నయి."

"నాయి గూడ మంచిగనే ఉన్నయి. ఇగో, ఇది నా ఎడమ చెయ్యి," అని ఆయన కంచె వైపు చెయ్యి చాపాడు. తాత తన కుడి చెయ్యి చాపాడు. రెండు చేతులూ ఒకే కంచెను చూపించాయి. ఇద్దరూ కొంచెంసేపు అట్లాగే నిలబడ్డారు. తమ్ముడికి నవ్వు ఆగక మూతి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఒక్క పిట్ట రెండు మాటలు చెప్తదా?" అన్నాడు తాత చివరికి.

ముసలాయన గట్టు మీద కూర్చున్నాడు. "కూసో బావా. నేను ఎందుకొచ్చిన్నో ముందుగాల ఇను. నువ్వు రెండుసార్లు మళ్లిపోయినవని తెల్సింది. పిల్లను ఇయ్యకుంటె ఇయ్యనని చెప్పు, నా కొడుకుకు నేనే సముదాయించి చెప్పుకుంట. వాడు తిండి తింటలేడు. గది అడుగుదామనే పొద్దుగాల ఎల్లిన."

"ఇయ్యనని ఎవరన్నరు? పిట్ట ఒప్పుకుంటలేదు గని."

"పిట్ట ఏమన్నది? నువ్వు మా ఊరికి రావద్దన్నది. సరే, రాకు. నన్ను మీ ఊరికి పొమ్మన్నది. నేను వస్తున్న. మాట ఒక్కటే గద?"

తాత ఆ మాటను లోపల తిప్పి తిప్పి చూశాడు. నూలు నాణ్యం చూసేటప్పుడు దారాన్ని వేళ్ల మధ్య నలిపినట్టు, ఎక్కడా తెగడం లేదని నమ్మకం కుదిరేదాకా చూశాడు. తర్వాత లేచి, పంచె దులుపుకొని, మా ఊరి వైపుకు తిరిగాడు.

"నడువు బావా," అన్నాడు. "గుడాలు వేడిగున్నయి."

మేము వాళ్ల కంటే ముందు పరుగెత్తాం. మా వాకిట్లో నిలబడి చూస్తున్న చిన్నత్తకు దూరం నుంచి తాత కండువా ఒక్కటే కనబడినట్టుంది. మూడోసారి కూడా తిరిగి వస్తున్నాడనుకొని ఆమె లోపలికి పోయి మగ్గం గుంటలో కూర్చుంది. నాకు రొప్పు వచ్చి మాట రాలేదు. తమ్ముడే చెప్పాడు: "అత్తా, మీ మామ వచ్చిండు!"

 ఒక్క నిమిషం తర్వాత మగ్గం చప్పుడు మొదలైంది. తాత, ఆయన వెంట వచ్చిన చుట్టం వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్నంతసేపూ, అరుగు మీద కూర్చొని పసుపుకొమ్ములు చేతులు మార్చుకుంటున్నంతసేపూ ఆ చప్పుడు ఆగలేదు.

ఆ సాయంత్రం ముహూర్తం మాట్లాడుకునేసరికి పొద్దు గుంకింది. చుట్టం మా ఇంట్లోనే ఉండిపోయాడు. అందరూ అన్నాలు తింటుండగా తమ్ముడు అడిగాడు:

"మరి రేపు ఈ తాత ఇంటికి పోయేటప్పుడు జెముడుకాకి కుడి నుంచి ఎడమకు పోతది గద?"

అందరి చేతులూ కంచాల్లో ఆగిపోయాయి. చుట్టం తాతను చూశాడు. తాత మజ్జిగ ముంతను చూశాడు. అవ్వ మాత్రం, "నోరు మూసుకొని తిను," అని తమ్ముడి కంచంలో ఇంకో ముద్ద వేసింది.

చిన్నత్త ఆ మాఘంలోనే వాగు దాటి పోయింది. అక్కడ ఆమె మగ్గం ఒక పక్క, అతని మగ్గం ఒక పక్క చాలా ఏండ్లు నడిచాయి. మా వాడలో ఇప్పుడు ఎవరూ వీధిలో పడుగు పట్టరు. పడుగులు గంజి పట్టి, చుట్టలు చుట్టి తయారుగా వస్తున్నాయి. వీధికి సిమెంటు పోశారు, దాని మీద మోటారు సైకిళ్లు నిలబెడుతున్నారు. కంచె ఉన్నచోట ప్లాట్ల రాళ్లు పాతారు. మొన్న ఒక పెళ్లికి పోయినప్పుడు తెల్లవారి లేచి చాలాసేపు బయట నిలబడ్డాను. ఒక గోరింకల జంట, కరెంటు తీగ మీద ఒక ఏట్రింత. గంజి వాసన ఎక్కడా లేదు.

ఆ రోజుల్లో మాత్రం నేను అందరికంటే ముందు లేచేదాన్ని. చుట్టం వచ్చిన మర్నాడు లేచి చూస్తే తాత మంచం ఖాళీగా ఉంది. అరుగు మీద చుట్టం ఇంకా గురక పెడుతున్నాడు. వీధి చివరిదాకా పోయాను. ఇంకా సరిగా వెలుతురు రాలేదు. బ్రహ్మజెముడు కంచె ముందు మా తాత నిలబడి ఉన్నాడు. ఎడమ చేతిలో మట్టిపెడ్డలు. ఒక్కొక్కటే తీసి, పిట్టకు తగలకుండా, కంచె అడుగున పడేట్టు వేస్తున్నాడు.

"లే... లేవవే... హుష్!"

నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు. పెడ్డలు వెనక్కి దాచుకున్నాడు.

"ఏం చేస్తున్నవ్ తాతా?"

"ఏం లేదు. లేపుతున్న. నిన్న గూడ ఆలస్యంగ లేసింది. దాని పని అది చేసుకోవద్దా?"

అప్పుడే కంచె కదిలింది. జెముడుకాకి విసుగ్గా బయటికి వచ్చి, దారి దాటి, కందిచేనులోకి పోయి కనబడకుండా అయింది. తాత అది పోయిన దిక్కును కాసేపు చూసి, మళ్లీ రాదని తెలుసుకున్నాక మిగిలిన పెడ్డలు కింద పడేసి రెండు చేతులూ పంచెకు తుడుచుకున్నాడు. ఇద్దరం ఇంటికి తిరిగి వచ్చాం. తాత అరుగు దగ్గరికి పోయి, చుట్టం భుజం మీద తట్టాడు.

"లే బావా, తెల్లారుతాంది. దారి మంచిగున్నది."